మంట ఆరిన పాదం

ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలమంతా పచ్చి మంచినీళ్ళు తప్ప ఇంకోటి ముట్టకుండా ఉపవాసముండి, మోకాళ్ళు కాయలు కాచేదాకా ప్రార్థించి, మా ఆమెను చావు నోట్లోంచి బయటికి లాక్కొచ్చినవాణ్ణి నేను. దుమ్ముగూడెం దారిలో ఏ సంఘంలో అడిగినా ఈ సంగతి చెప్తారు. చెప్పకపోతే నేనే వెళ్ళి గుర్తుచేస్తాను.

మైకు నా చేతికిచ్చిన ప్రతి కూడికలోనూ ఈ సాక్ష్యం చెప్పాను. చెప్పినకొద్దీ ఉపవాసం పొడుగైంది. మొదట్లో అది పొద్దుటిపూట ఒక్కటే. తర్వాత పొద్దుగూకేదాకా సాగింది. ఆ తర్వాత రాత్రుళ్ళు కూడా కలిశాయి. నోటితో చెప్పేటప్పుడు ఏ అడ్డమూ ఉండదు. ముందు కూర్చున్నవాళ్ళు స్తోత్రం అంటుంటే నాలుక తనంతట తానే ముందుకు పోతుంది. రాద్దామని కూర్చుంటేనే ఇబ్బంది. రాసిన మాట కదలకుండా అక్కడే ఉండి మన మొహంలోకి చూస్తుంది. అందుకని ఈసారి ఉన్నదున్నట్టు రాద్దామనుకున్నాను. కుదిరినంతవరకు.

మాది అడవి అయిపోయి పత్తి చేలు మొదలయ్యే చోట ఉన్న ఊరు. మా సంఘం ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం లోపల కూర్చుంటే నరకం గురించి పాస్టరుగారు వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు నేను భద్రాచలానికి షేరింగ్ ఆటో తోలేవాణ్ణి. ప్రభువు సేవ కోసం ఆటో వదిలేశానని అందరితో అంటుంటాను. నిజానికి పట్టపగలు రోడ్డు మీద నిలబడ్డ బర్రె నాకు కనిపించలేదు. బర్రెకేం కాలేదు గానీ ఆటో మూతి లోపలికి పోయింది. ఆ రోజే మా ఆమె తాళంచెవి గుంజుకుంది. ఆ తర్వాతే నాకు సేవ గుర్తొచ్చింది.

మా ఆమెకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఆమెను ఏడిపించింది మాత్రం షుగర్ కాదు, అరికాళ్ళ మంటలు. మిరప కల్లంలో ఒట్టికాళ్ళతో నిలబడ్డట్టుందని అనేది. గోనెసంచి తడిపి కాళ్ళ కింద వేసుకునేది. గచ్చు మీద చల్లని చోటు వెతుక్కుంటూ ఇల్లంతా పొర్లేది. ఊరి ఆశా వర్కరు, మా ఆశమ్మ, తెచ్చిచ్చిన గోళీలు వేసుకుంటే కొంచెం నయం, మానేస్తే మళ్ళీ మొదలు.

మా దగ్గర ప్రార్థన నూనె అని ఒకటుంది. శుక్రవారం ఉపవాస కూడికకు ఎవరింటి కొబ్బరినూనె సీసా వాళ్ళు తెచ్చి, వాక్యం చెప్పే బల్ల ముందు పెడతారు. పాస్టరుగారు వాటి మీద చేతులుంచి ప్రార్థిస్తారు. కూడిక అయ్యాక ఎవరి సీసా వాళ్ళు పట్టుకుపోతారు. తలనొప్పికి అదే, పిల్లల జలుబుకు అదే. మా పక్కింటామె మేక పొదుగు వాస్తే కూడా అదే రాసింది. మేక బాగైంది కూడా. అట్లాంటివి జరుగుతాయి కాబట్టే మనుషులు సీసాలు తెస్తారు.

మా పాస్టరుగారు సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన కుర్రాడు. మెత్తగా మాట్లాడతాడు. గోళీలు మానమని ఆయన ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి ఇక్కడ రాసి తీరాలి, ఎందుకంటే తర్వాత చాలామంది ఆయన మీదికే తోశారు.

ఆ ఏడు శ్రమకాలంలో మా ఆమె పొద్దున, సాయంత్రం అరికాళ్ళకు ఆ నూనె పట్టించింది. నేను ఉపవాసం పట్టాను. ఎట్లాంటి ఉపవాసమంటే, ఇంట్లో ముట్టేవాణ్ణి కాదు. బస్టాండు దగ్గర సాయిబు హోటల్లో వెనక బల్ల మీద కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. చాయ్‌తో పాటు ఒక్కోరోజు బజ్జీలు కూడా వచ్చేవి. నేను అడిగితేనే వచ్చేవి.

"ఏం చాచా, ఉపాసమంటివి?" అన్నాడు సాయిబు ఒకరోజు.

"ఉపవాసమే. నూనె వస్తువు లెక్కకు రాదు."

"మా రంజాన్ రోజాల ఉమ్మి మింగాలన్నా ఆలోచిస్తం. మీ దేవుడు మంచోడు చాచా, బజ్జీలకు సెలవిచ్చిండు."

నవ్వి ఇంకో రెండు పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మనిషిని ఇవాళ నేనే బయటపెడుతున్నాను.

శ్రమకాలం సగం దాటాక మంటలు తగ్గుముఖం పట్టాయి. ఈస్టరుకు ముందటి మట్టలాదివారం నాటికి పూర్తిగా పోయాయి. గోనెసంచి తడపడం లేదు, గచ్చు మీద పొర్లడం లేదు. ఎన్నేళ్ళకో తెల్లారేదాకా కదలకుండా పడుకున్న మనిషిని చూసి నాకే భయమేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. లేచి నన్ను తిట్టింది. ఆ తిట్టు వినడానికి ఎంత బాగుందో.

ఆ ఆదివారం సాక్ష్యానికి నిలబడింది. పాస్టరుగారు మైకు ఆమె దగ్గర పెట్టి అడిగాడు.

"అమ్మా, ఇప్పుడు కాళ్ళు ఎట్లా ఉన్నాయి?"

"ఏం చెప్పమంటరు అయ్యగారూ. ఉన్నయా లేవా అన్నంత హాయిగ ఉన్నయి."

షెడ్డు రేకులు అదిరేటట్టు స్తోత్రం అన్నారు జనం. అందరికంటే గట్టిగా అన్నది నేను. ఆ మాటలో ఏముందో మాలో ఒక్కరికీ చెవిన పడలేదు.

సాక్ష్యం చెప్పాక గోళీలు మానేసింది. ఎవరూ మానమనలేదు. కానీ మా సంఘాల్లో ఒక పట్టింపుంది. ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. ప్రభువు బాగుచేశాడని నలుగురిలో చెప్పినవాళ్ళు మళ్ళీ మందు మింగుతూ కనబడితే, ఇచ్చిన మాట వెనక్కు తీసుకున్నట్టు లెక్క. ఆశమ్మ ఇంటికొచ్చి గోళీలు ముందు పెడితే మా ఆమె వాటిని వెనక్కి జరిపింది.

"స్తుతి చెప్పిన నోటితోని ఇవెట్ల మింగుత బిడ్డా? ఆయనకేమనిపిస్తది?"

ఆశమ్మ నా వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను. ఆమె నమ్మకం మీద నాకు గర్వంగా ఉంది. నిజం చెప్పాలంటే నా ఉపవాసం మీద ఇంకా గర్వంగా ఉంది.

ఈస్టరు తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ సమాధుల తోటకు నడిచిపోవడం మా ఆనవాయితీ. అక్కడ కొవ్వొత్తులు వెలిగించి, షెడ్డుకొచ్చి ఆరాధన చేస్తాం. తోటకు దారి పత్తి చేల మీదుగా. పత్తి కట్టె కోసేశాక మొదళ్ళు మోళ్ళుగా నిలబడి ఉంటాయి, చెక్కిన మేకుల్లాగా. అందరం చెప్పులు చూసుకుని వేసుకున్నాం. మా ఆమె వేసుకోలేదు.

"మంటలు తీసేసిన దేవుని దగ్గరికి పోతూ చెప్పులెందుకయ్యా" అంది. వెనకొచ్చేవాళ్ళు ఆ మాట విని మురిసిపోయారు.

షెడ్డులోకి వచ్చి కూర్చున్నాక ఎవరో ఆడమనిషి అరిచింది. "అయ్యో, ఎవరి కాలు తెగింది?"

పండక్కి కడిగిన గచ్చు మీద గుమ్మం నుంచి ఆడవాళ్ళ వరస దాకా ఎర్రటి అచ్చులు పడి ఉన్నాయి. అందరూ ఎవరి కాళ్ళు వాళ్ళు ఎత్తి చూసుకున్నారు. మా ఆమె అందరికంటే ఆఖరున చూసుకుంది. ఎడమ అరికాల్లో మోడు విరిగి దిగబడి ఉంది. దాని మీదే అంత దూరం నడిచొచ్చింది.

"నాకు తెలవనే లేదు" అంది. ఆ మొహంలో ఆశ్చర్యం, దాని వెనకే వెలుగు. "సూడుండ్రి, నొప్పి అనేదే లేకుండ తీసేసిండు!"

ఆ రోజు స్తోత్రం మామూలుగా లేదు. కొందరు ఏడ్చారు. పాస్టరుగారు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. మోడు పీకి, నూనె పోసి, తెల్లగుడ్డ కట్టారు. పునరుత్థాన దినాన ఇంతకంటే గుర్తు ఇంకేం కావాలి అనుకున్నాం.

మళ్ళీ వారం ఇంట్లో వాసన మొదలైంది. ఎలుక చచ్చిందన్నాను. అటక మీద సామాను దించాను, బియ్యం సంచులు జరిపాను, మంచం కింద చీపురు పెట్టి గోకాను. మా ఆమె కూడా నా వెంట తిరుగుతూ, "ఆ మూలకు సూడు, అక్కడ ఎక్కువొస్తంది" అనేది. ఆ మూలకు పోతే వాసన నిజంగానే ఎక్కువయ్యేది. ఇద్దరం కలిసి పోతున్నాం కదా మరి. ఎలుక దొరకలేదు. సాంబ్రాణి వేశాం. చివరికి ఆశమ్మ గుమ్మంలో అడుగుపెట్టి, కొంగు ముక్కుకు పెట్టుకుని, ఏ మూలా చూడకుండా సీదా మా ఆమె కాలి దగ్గర కూర్చుంది. గుడ్డ విప్పింది.

అక్కడ ఏం కనబడిందో రాయను.

భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ మా ఆమెను కళ్ళు మూసుకోమంది. సన్నని పుల్లతో వేళ్ళ మీద, మడమ మీద గుచ్చుతూ పోయింది. మా ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. కొంతసేపయ్యాక అడిగింది.

"ఎప్పుడు గుచ్చుతవ్ బిడ్డా?"

డాక్టరమ్మ పుల్ల పక్కన పెట్టి నా మొహం చూసింది. అప్పటికి రెండు పాదాలూ అయిపోయాయి.

"మంటలు ఉన్నయని ముందెప్పుడో అన్నరు గదా. ఎప్పుడు పోయినయి?"

"ప్రార్థన చేస్తే పోయినయి" అంది మా ఆమె.

డాక్టరమ్మ మమ్మల్ని వెక్కిరించలేదు. వెక్కిరిస్తే కొట్లాడి తేలికపడేవాణ్ణి. "అమ్మా, మంట ఉన్నన్నాళ్ళు నరం బతికున్నట్టు. మంట పోయింది బాగై కాదు, నరం సచ్చిపోయి. నొప్పి ఉంటే ఆ మోడు దిగిన రోజే నువ్వు పరుగెత్తుకొచ్చేదానివి" అంది.

మా ఆమె కిటికీలోంచి గోదావరి కరకట్ట వైపు చూస్తూ కూర్చుంది. ఉన్నయా లేవా అన్నంత హాయి అన్న మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చిందో లేదో నేనడగలేదు. నాకు మాత్రం గుర్తొచ్చింది.

మోకాలి కింద దాకా తీసేయాలన్నారు.

పాస్టరుగారు బండి మీద వచ్చాడు. మంచం పక్కన నిలబడి ప్రార్థనకు బైబిలు తెరవబోయాడు. మా ఆమే అందుకుంది.

"అయ్యగారూ, ఒక్కటడుగుత. తీసిన కాలు వీళ్ళు యాడనో కాల్చేస్తరంట. రేపు పునరుత్థానంల లేచినప్పుడు నాకు కాలుంటదా?"

నేనైతే టక్కున ఉంటదని చెప్పేవాణ్ణి, రెండు కాళ్ళకు రెక్కలు కూడా తగిలించేవాణ్ణి. ఆయన అట్లా చెప్పలేదు.

"ప్రభువు లేచిన తర్వాత కూడా ఆయన చేతులకు మేకుల గాయాలు అట్లాగే ఉన్నాయమ్మా. మాన్పించుకోలేదు. మీ కాలు సంగతి మాత్రం నాకు తెలీదు."

"తెలీదా?"

"తెలీదమ్మా."

"ఈ తెలీదన్న మాట మట్టలాదివారం నాడు మన ముగ్గుర్ల ఒక్కరన్నా అనాల్సింది" అంది మా ఆమె. కోపంగా అనలేదు. ఆయన అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాడు.

కాలు తీశాక ఇంటికొచ్చాం. ఊళ్ళో గుసగుసలు మాకంటే ముందే ఇల్లు చేరాయి. విశ్వాసంలో ఎక్కడో లోటు ఉండి ఉంటుందని కొందరు. దాచిపెట్టిన పాపమేదో ఉంటుందని కొందరు. చూడ్డానికొచ్చినవాళ్ళు మంచం చివరన ఖాళీగా పడి ఉన్న దుప్పటి వైపు చూసి, చూపు తిప్పుకునేవాళ్ళు. సంఘంలో ఆమె పేరు ప్రార్థనలో తలుచుకోవడం కూడా మెల్లగా తగ్గింది. బాగైన మనిషి కోసం ప్రార్థించవచ్చు, బాగవాల్సిన మనిషి కోసం ప్రార్థించవచ్చు. బాగైందని చప్పట్లు కొట్టించుకుని తర్వాత కాలు పోగొట్టుకున్న మనిషిని ఏ వరసలో కూర్చోబెట్టాలో వాళ్ళకు తెలియలేదు.

నా ఉపవాసం పెరగడం మొదలైంది అప్పుడే. కాలు పోయిందన్న సాక్ష్యానికి హల్లెలూయ ఎవరంటారు? అందుకని కాలు పక్కనపెట్టి ప్రాణం ఎత్తుకున్నాను. నా ఉపవాసానికి మెచ్చి దేవుడు ఆమె ప్రాణం నిలిపాడని చెప్పాను. జనం ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ స్తోత్రం అన్నారు. మా ఆమె వెనక కుర్చీలో చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని వినేది. పాటలు ముందుండి ఎత్తుకునే మనిషి, పెదవులు కదపడం కూడా మానేసింది.

ఇంట్లో ప్రార్థన మాత్రం మానలేదు. కానీ ఆ ప్రార్థన మారిపోయింది. మునుపు ఇది కావాలి, అది తీసెయ్ అని ఉండేది. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంటుంది. ఏమడిగావని ఒకసారి అడిగితే, "ఏం అడగలే. ఉన్నవా అన్న, అంతే" అంది. జవాబొచ్చిందా అని నేనడగలేదు. బైబిలు వాక్యంలో ఒక భక్తుడున్నాడు, ఒంట్లో ముల్లు తీసెయ్యమని పదేపదే వేడుకున్నా ఆ ముల్లు పోనివాడు. ఆయన గురించి మా షెడ్డులో ఎవరూ మైకులో చెప్పరు. మా ఆమెకు ఆయనంటే ఇప్పుడు చుట్టరికం.

పాస్టరుగారిలో కూడా మార్పొచ్చింది. ఇప్పుడు సీసాల మీద చేతులుంచే ముందు, "దవాఖానాలో చూపించుకున్నారా?" అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. శరీరం దేవుని ఆలయమని ఊరికే అంటున్నాం, ఆలయం నేలకు పగులు పడితే చూడొద్దా అంటాడు. ఈ మాటలు కొందరికి రుచించక వేరే సంఘానికి పోయారు. షెడ్డు బయట చెప్పులు విడిచే చోట, మా ఆమె ఒక్కదానికే చెప్పుతో లోపలికి రావడానికి సెలవిచ్చాడు. మెత్తటి చెప్పు, భద్రాచలంలో జతే కొనాల్సొచ్చింది, ఒకటి అమ్మరు. రెండోది నేను పారేస్తానంటే ఒప్పుకోలేదు. దుమ్ము దులిపి పెట్టెలో పెట్టుకుంది.

ఇక మిగిలింది కుడి కాలు. దాన్ని రోజూ చూసుకోవాలని, వేళ్ళ సందులు, అరికాలు, మడమ వెతికి వెతికి చూడాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. అది కూడా పోతే మంచమే గతి. ఆ పని నేను తీసుకున్నాను. సాయంత్రమయ్యేసరికి గోరువెచ్చటి నీళ్ళు పెట్టి, ఆమె పాదం ఒళ్ళోకి తీసుకుని కడుగుతాను. మెత్తటి గుడ్డతో అద్దుతాను. అంగుళం అంగుళం చూస్తాను. మడమకు చుక్క నూనె రాసి, అట్లాగే పాదం పట్టుకుని ప్రార్థన చేస్తాను. జీవితమంతా మైకులో అరిచి కూడా నేర్చుకోనిది ఆ పాదం దగ్గర నేర్చుకున్నాను. ఆత్మీయ ఎదుగుదల అంటారే, అది నాలో ఏమన్నా ఉందంటే ఆ నీళ్ళ బేసిన్ దగ్గరే మొదలైంది. ఇందులో పెంచింది ఏమీ లేదు.

ఇంతవరకు రాసి, కాగితాలు ముక్కు దగ్గర పెట్టుకుని మా ఆమెకు చదివి వినిపించాను. మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బజ్జీల దగ్గర నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఎలుక దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ గింజలు తీసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఎట్లుంది?"

"బజ్జీల సంగతి ఒప్పుకున్నవ్. మంచిదే, నాకు అప్పుడే తెల్సు, నీ చొక్కా వాసనొచ్చేది. ఆఖరుది మాత్రం మళ్ళ అబద్ధం రాసినవ్."

"ఏది అబద్ధం? రోజూ కడుగుతలేనా?"

"అవ్, కడుగుతవ్. చూడవ్. ఎదురుంగ నిలబడ్డ బర్రె కనబడలేదు నీకు, ఏళ్ళ సందు కనబడతదా? తడుముతవ్, బాగుందంటవ్, కండ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడ్తవ్. నువ్వు లేచి పోయినంక అద్దం కింద పెట్టుకుని చూసుకునేది నేను. ఈ పొద్దున చూస్తే చిటికెనేలు కింద తోలు లేచి పచ్చిగున్నది. నిన్న నువ్వు బాగుందని స్తోత్రం చెప్పింది దాన్నే. ఇగ రాసింది చాలు గానీ లెవ్వు, నా చెప్పు ఇటు అందుకో, భద్రాచలం బస్సు టైమైతంది."